కుడివైపు గుర్రం

నిజామాబాదు గంజి బజారు వెనక సందులో రాజేశ్వర్ సేటు తుపాకుల దుకాణం ఉండేది. ముందు గదిలో సేటు తూటాలూ మందూ అమ్మేవాడు. వెనక రేకుల కప్పు కింద హనోకు కూర్చుని చెడిన తుపాకులు బాగుచేసేవాడు. ఊళ్లో అందరూ అది సేటు దుకాణం అనే అనేవారు కాని, ఆర్మూరు నుంచి, వేల్పూరు నుంచి, అటు బోధన్, కోటగిరి దాకా తుపాకి ఉన్న పటేళ్లంతా హనోకు చేతిపని కోసమే ఆ సందులోకి వచ్చేవాళ్లు.

హనోకుది వేల్పూరు పక్క పల్లె. తండ్రి పసుపు చేలల్లో జీతం ఉండేవాడు. పదహారేళ్లప్పుడు నిజామాబాదుకు వచ్చి ఖాదర్ మియా అనే ముసలి ఉస్తాదు దగ్గర పనికి కుదిరాడు. ఆ దుకాణం అప్పట్లో ఖాదర్ మియాదే. ఆయన పోయాక కొడుకులు దాన్ని రాజేశ్వర్ సేటుకు అప్పగించి హైదరాబాదు వెళ్లిపోయారు. కొలిమి, పట్టుకారు, ఆకురాళ్లతో పాటు హనోకు కూడా సేటు కిందికి వచ్చాడు. లైసెన్సు మాత్రం సేటు పేరు మీద ఉండేది.

నేను మిషన్ బడిలో పంతులుని. హనోకు మా చర్చి మనిషి. ఆయన భార్య శారమ్మ మా బడిలోనే వంటపని చేసేది. వాళ్లకు పిల్లలు లేరు. బడి వదిలాక అప్పుడప్పుడు ఆ రేకుల కప్పు కింద కూర్చునేవాణ్ని. కప్పుకు ఒకచోట పిడికిలి పట్టేంత చిల్లు ఉండేది. వాన వస్తే కింద కుండ పెట్టుకునేవాడు. ఒకసారి అడిగాను.

"ఒక రేకు ముక్క కొట్టరాదు, హనోకన్నా?"

"ఉస్తాదు వద్దన్నడు సారూ. ఖాలీ ఉన్నదని తెచ్చిన బందూకు జేసిన చిల్లు గది. తెచ్చినాయన తాసీలు కచ్చేరిల పెద్ద మనిషి. ఖాలీ, ఖాలీ అనుకుంటనే పైకి పట్టి మీట నొక్కిండు. పైకి పట్టిండు గాబట్టి రేకు పోయింది. ఉస్తాదు ఏమనెటోడో తెలుసా? ఖాలీ ఉన్నదన్నోడే మనిషిని చంపుతడు బేటా, నిండి ఉన్నదన్నోడు చంపడు అనెటోడు."

హనోకు ఎవరి మాటా నమ్మేవాడు కాదు. ఎంతటివాడు తుపాకి తెచ్చి ఇచ్చినా ముందు గోడవైపు తిరిగేవాడు. నాళాలు మడిచి తెరిచేవాడు. కంటితో చూసి, తరవాత చిటికెన వేలు లోపలికి పెట్టి చూసేవాడు. అప్పుడు గాని మాట కలిపేవాడు కాదు. ఒకసారి ఒక పోలీసు అధికారి నవ్వి, "మా మీద కూడా నమ్మకం లేదా మిస్త్రీ?" అన్నాడు. "మీ మీద ఉన్నది సార్, దీని మీద లేదు" అన్నాడు హనోకు.

నాకు తుపాకి గురించి తెలిసిన నాలుగు ముక్కలూ ఆయన చెప్పినవే. రెండు నాళాల తుపాకికి వెనక, తూటాను కొట్టే చిన్న సుత్తుల్లాంటి రెండు గుర్రాలు ఉంటాయి. వేలితో వెనక్కి లాగితే గుర్రం ఎక్కుతుంది. అంటే ఇక పేలడానికి సిద్ధమన్నమాట. లోపల ఒక చిన్న గాడి ఆ గుర్రాన్ని పట్టి ఉంచుతుంది. మీట నొక్కినప్పుడే గాడి వదలాలి, గుర్రం పడాలి, తూటా పేలాలి. గాడి అరిగిపోతే మీట నొక్కకపోయినా, తుపాకి కాస్త కుదిపినా గుర్రం జారి పడుతుంది.

1963 జనవరిలో కోటగిరి పక్క ఊరి పటేలు బాపురావు తన తుపాకి పంపించాడు. నలభై ఎకరాల చెరుకు ఆయనది. కుడివైపు గుర్రం వదులుగా ఉందని కబురు. హనోకు విప్పి చూస్తే గాడి అరిగి నున్నగా అయిపోయి ఉంది. గుర్రం ఎక్కించి, తుపాకి వెనక కట్టె పిడిని బల్ల మీద మెల్లగా తట్టాడు. గుర్రం టప్పుమని పడింది. నాలుగుసార్లు తడితే మూడుసార్లు పడింది. కొత్త గుర్రం హైదరాబాదు నుంచి తెప్పించాలని సేటుకు చెప్పి, తుపాకికి ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టి పక్కన పెట్టాడు.

వారం తిరగకుండానే బాపురావు స్వయంగా వచ్చాడు. బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు తోలే రోజులు అవి. పంటలో అడవి పందులు పడుతున్నాయి. అల్లుడు కూడా పండుగకు వచ్చి వేట వేట అంటున్నాడు. పటేలు వెంట బాలన్న అనే జీతగాడు ఉన్నాడు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, తలకు రుమాలు చుట్టుకున్న మనిషి. తుపాకి మోసుకుపోవడానికి వచ్చాడు. ఆ పొద్దు నేను అక్కడ లేను. అక్కడ జరిగింది తరవాత హనోకు నాకు చెప్పాడు, ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట మార్చకుండా చెప్పాడు.

"సామాను రాలె పటేలా, ఇంక పది దినాలు పడ్తది" అన్నాడు హనోకు.

"పది దినాలు పందులు ఉపాసం ఉంటయా? ఇయ్యి."

"ఇయ్యద్దు పటేలా. కుడి గుర్రం నిలుస్తలేదు. నువ్వు కాల్చకున్నా కాలుతది."

బాపురావు సేటు వైపు చూశాడు. సేటు లేచి లోపలికి వచ్చి, "వస్తువు ఆయనది హనోకూ, అడ్డమెందుకు పడ్తవు? ఇచ్చెయ్" అన్నాడు.

"అయితే కుడి గుర్రం ఊడదీసి ఇస్త సేటూ. ఎడమ నాళి ఒక్కటే వాడుకుంటడు."

"ఒంటి కన్ను బందూకు పట్టుకొని అల్లుని ముందట తిరగాల్నా నేను?" అన్నాడు బాపురావు. "మా నాయిన కాలం నుంచి ఇంట్ల బందూకున్నది. నువ్వు నాకు నేర్పుతవా?"

ఆ ఎర్ర పీలికను పటేలే విప్పి నేల మీద పడేశాడు. హనోకు ఇంకేం చేయగలడు? ఒక్కటే చేశాడు. పటేలు ముందు గదిలో తూటాలు చూస్తుండగా, బాలన్నను బోరింగు దగ్గరికి పిలిచాడు.

"తమ్మీ, దీన్ని మోసెటోనివి నువ్వు గద. ఇటు జూడు. ఈ పైనున్న కొక్కెం పక్కకు నూకితే నాళాలు వంగుతయ్. తూటాలుంటే కనబడ్తయ్. మోసేటప్పుడు తీసి రుమాల్ల కట్టుకో. కాల్చేటప్పుడే పటేలుకియ్యి. గుర్రాలు ఎక్కించి ఎన్నడు పెట్టకు. నాళి మొకం ఎన్నడు మనిషి దిక్కు ఉండద్దు. నీ దిక్కు అసలే ఉండద్దు."

బాలన్న రెండుసార్లు తనే మడిచి తెరిచి చూశాడు. మూడోసారి నవ్వాడట. "గింతేనా అన్నా? ఎడ్ల కాడి ఇప్పినంత అల్కగున్నది" అన్నాడట. ఆ నవ్వు గురించి చెప్పేటప్పుడు హనోకు నా వైపు చూసేవాడు కాదు.

మూడో నాడు పొద్దున బాపురావు చెరుకు తోటలో జరిగింది బాలన్న భార్య ఈరవ్వ చెప్తే తెలిసింది. ఆమె ఆ తోటలోనే చెరుకు కొట్టే కూలిమనిషి.

కొట్టేవాళ్లు ముందుకు జరిగేకొద్దీ తోట చిన్నదైపోతుంది. చివరికి లోపల దాక్కున్న పంది బయటికి ఉరకాల్సిందే. ఆ పొద్దు అట్లాగే ఒక పంది బాపురావు ముందు నుంచే ఉరికింది. ఆయన బాలన్న చేతిలోంచి తుపాకి లాక్కుని గుర్రాలు ఎక్కించి మీట నొక్కాడు. టక్కుమన్నది, అంతే. పంది కాలవ గట్టు దాటిపోయింది. అల్లుడు పకపకా నవ్వాడు.

"తూటాలేవిరా?"

"రుమాల్ల కట్టిన పటేలా. మోసేటప్పుడు తియ్యాలెనని మిస్త్రీ చెప్పిండు."

బాపురావు బాలన్న చెంప మీద కొట్టాడు. కూలోళ్లంతా కొడవళ్లు ఆపి చూశారు.

"బందూకు నాదా, మిస్త్రీదా?" అన్నాడు. రుమాలు విప్పించి, తూటాలు తనే నింపి, రెండు గుర్రాలూ ఎక్కించి, ఎడ్లబండిలో తమ వెనక చెరుకాకు మీద తుపాకిని పడుకోబెట్టాడు. "ఇగ ఇట్లనే ఉండాలె. తాకినవో, చెయ్యి ఇరుగుతది" అన్నాడు.

మామా అల్లుళ్లు బండి ముందు కూర్చున్నారు. నాళి మొకం వెనక్కి ఉంది. కాలవ గట్టు ఎక్కే దగ్గర చక్రం బురదలో దిగింది. "నూకురా" అన్నాడు పటేలు. బాలన్న వెనక నుంచి బండికి భుజం ఆనించి నెట్టాడు. బండి ఒక్క ఊపున గట్టెక్కి, అవతల గుంతలో ధడేలున పడింది. కుడివైపు గుర్రం జారింది.

ఈరవ్వ ఇరవై అడుగుల వెనక నెత్తిన గడ్డిమోపుతో వస్తోంది. మోత విని, పందిని కొట్టారనుకుంది. బాలన్న రెండు చేతులతో కడుపు పట్టుకుని కూర్చోవడం చూసి కూడా, చెంపదెబ్బకు అలిగి కూర్చున్నాడనే అనుకుందట. అదే బండిలో, అదే చెరుకాకు మీద వేసుకుని బోధన్ దవాఖానాకు బయలుదేరారు. రైలు గేటు రాకముందే ప్రాణం పోయింది.

ఆ సాయంత్రానికల్లా కథ వేరే అయింది. తుపాకి నిజామాబాదులో బాగుచేయించి తెచ్చిందనీ, గుర్రాలు దించే ఉన్నాయనీ, మిస్త్రీ పని చెడగొట్టడం వల్ల దానంతట అదే పేలిందనీ బాపురావు వాంగ్మూలం ఇచ్చాడు. అల్లుడూ అదే చెప్పాడు. రాజేశ్వర్ సేటును పిలిపిస్తే, "అయిపోయిందని మిస్త్రీ చెప్తేనే ఇచ్చిన" అన్నాడు. దుకాణంలో హనోకు మాటలు విన్నవాళ్లు ఇంకెవరున్నారు? ఒక్క బాలన్న.

హనోకును పట్టుకుపోయి రెండు రోజుల తరవాత జామీను మీద వదిలారు. శారమ్మ నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. నేను ఆయన వెంట కోర్టుకు పోయాను. వాయిదా నాడు కోర్టు వసారాలో ఈరవ్వ ఒక మూల కూర్చుని ఉంది. చంకలో చిన్న పిల్లవాడు, పక్కన ఏడేళ్ల పెద్దవాడు. బాపురావు మనుషులు చాయ తాగడానికి బయటికి పోయినప్పుడు ఆమె లేచి వచ్చింది.

"నువ్వేనా మిస్త్రీవి?"

"నేనే చెల్లె."

"ఇంటికొచ్చి నీ ముచ్చటే జెప్పిండు. బందూకు మడిసే ఇకమతు నేర్చుకున్ననని పిల్లలకు కట్టెతోని జేసి సూపిచ్చిండు." చంకలోని పిల్లవాణ్ని పైకి ఎత్తుకుంది. "నీ మాట ఇన్నందుకే దెబ్బ తిన్నడు. ఇనకుంటే పంది సచ్చేది. నా మొగడు బతికెటోడు."

అప్పుడే ఆమె తోటలో జరిగిందంతా చెప్పింది, నేను పైన రాసినట్టే. నేను ఆత్రంగా అడిగాను.

"ఇదే లోపల చెప్తవా అవ్వా?"

"చెప్ప సారూ. పటేలు చెప్పమన్నదే చెప్త. నా గుడిసె ఆయన జాగల ఉన్నది. రేపు పొద్దుగాల కొడవలి పట్టుకొని ఆయన తోటకే పోవాలె. మీ ఇద్దరికి నిజం తెల్వాలెనని చెప్పిన. గంతే." హనోకు వైపు తిరిగి, "నన్ను తిట్టుకోకు అన్నా" అంది.

"తిట్టుకోను చెల్లె" అన్నాడు హనోకు.

నేను చేసింది కూడా చెప్పాలి. సేటు ఒక వకీలును పెట్టాడు. ఆ వకీలు, కొట్లాడితే రెండేళ్లు పడొచ్చు, ఒప్పుకుంటే జుర్మానాతో పోతుంది అన్నాడు. జుర్మానా సేటు కడతానన్నాడు. కొట్లాడితే దుకాణం లైసెన్సు కూడా పోతుందని ఆయన భయం. హనోకు ఒప్పుకోనన్నాడు. శారమ్మ ముందు, వాళ్ల ఇంట్లో కూర్చుని, ఒప్పించింది నేనే.

"పటేలు మీద మన మాట నిలుస్తదా అన్నా? సాక్షి లేదు. ఒక్క మాట అని బయట పడు."

"గది అబద్ధం గద సారూ."

"దేవునికి తెలుసు గద నిజం."

ఎంత తేలిగ్గా అన్నానో ఆ మాట! బైబిలు చదువుకున్నవాణ్ని. పదిమందికి చదివి వినిపించేవాణ్ని.

మేజిస్ట్రేటు "తప్పు ఒప్పుకుంటున్నావా?" అని అడిగినప్పుడు హనోకు వెనక్కి తిరిగి నా కోసం చూశాడు. నేను తల ఊపాను. "ఒప్పుకుంటున్న" అన్నాడు. ఒక ప్రాణం పోయింది కాబట్టి జుర్మానాతో వదలడం కుదరదని, నాలుగు నెలలు జైలు వేశారు. వకీలు నా వైపు చూసి భుజాలెగరేసి, తరవాతి కేసు కాగితాలు తీసుకున్నాడు.

ఆ నాలుగు నెలలూ శారమ్మ బడికి వచ్చి వంట చేసి పోయేది. నాతో మాట్లాడేది కాదు. అన్నం గిన్నె నా ముందు పెట్టి, తల తిప్పుకుని పోయేది.

హనోకు వచ్చేసరికి సేటు దుకాణంలో ఇంకొక మిస్త్రీ కూర్చుని ఉన్నాడు. శిక్ష పడ్డవాడికి తుపాకుల పని ఇవ్వడానికి వీల్లేదన్నాడు సేటు. అది నిజమే కావచ్చు. హనోకు తన ఆకురాళ్లు తను తీసుకుని లేస్తూ ఒక్కటే అడిగాడు.

"బాపురావు పటేలు బందూకు ఏడున్నది?"

"కోర్టోళ్లు వాపస్ ఇచ్చిండ్రట. పటేలు తీసుకపోయిండు."

"ఇక్కడికి తేలేదా? బాగుచేపియ్యలేదా?"

"తేలే" అన్నాడు సేటు.

హనోకు అక్కడి నుంచి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. జైలు నుంచి వచ్చి ఇంకా గడ్డం కూడా గీసుకోలేదు. ఒక కార్డు రాయమన్నాడు. 'బాపురావు పటేలు గారికి. మీ తుపాకి కుడి గుర్రం గాడి అరిగిపోయి ఉన్నది. అది బాగు కాలేదు. దయచేసి నింపి పెట్టకండి. ఎవరి దగ్గరనైనా సరే కొత్త గుర్రం పెట్టించండి. హనోకు.' అంతే రాయించాడు. ఏ నిందా రాయించలేదు. జవాబు రాలేదు. రెండు నెలలకు మళ్లీ రాయించాడు. దానికీ రాలేదు.

ఇక చర్చి సంగతి. హనోకు చర్చిలో స్టూవర్డు. ప్రభువు భోజనం నాడు రొట్టె పళ్లెం పట్టుకుని నిలబడేవాడు. కమిటీ కూర్చుంది. నేను దానికి కార్యదర్శిని. పాస్టరు గారు పెద్దమనిషే, మెత్తగానే మాట్లాడారు.

"నీ చేతి పొరపాటుతో ఒక ప్రాణం పోయిందని నువ్వే కోర్టులో ఒప్పుకున్నావు హనోకూ. సంఘం ముందు పశ్చాత్తాపపడు. ఆరు నెలల తరవాత మళ్లీ పళ్లెం పట్టుకుందువుగాని."

హనోకు లేచి నిలబడ్డాడు.

"పశ్చాత్తాపపడ్త అయ్యగారూ. కోర్టుల అబద్ధం ఆడినందుకు పడ్త. చేయని తప్పు చేసిన్నని ఒప్పుకున్నందుకు పడ్త. గది రాసుకుంటరా?"

పాస్టరు గారు నా వైపు చూశారు. నాకు అంతా తెలుసు. ఈరవ్వ నోటితో విన్నాను. ఒప్పుకోమని తల ఊపింది నేను. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? 'హనోకు మొండిగా ఉన్నందువల్ల స్టూవర్డుగా తొలగించడమైనది' అని నా చేత్తోనే రాశాను. ఆ వచ్చే ఏడాది నన్ను హెడ్మాస్టరు చేసే మాట నడుస్తోంది. ఆ కమిటీయే చేయాలి.

ఆ తరవాత హనోకు చర్చికి రాలేదు. శారమ్మ ఒక్కతే వచ్చి వెనక చాప మీద కూర్చుని పోయేది. బస్టాండు దగ్గర వేపచెట్టు కింద సైకిళ్ల దుకాణం పెట్టాడు. తుపాకి గుర్రాన్ని వెంట్రుక వాసి తేడా లేకుండా దిద్దిన చేతులు పంచర్లు అతికాయి. పని బాగానే చేసేవాడు. కాని రోజుకు ఇన్ని సైకిళ్లని ఉరుకులాడేవాడు కాదు. కోటగిరి వైపు బస్సు వచ్చి ఆగిందంటే పని వదిలి లేచిపోయేవాడు. దిగిన వాళ్లలో బాపురావు ఊరివాళ్లు ఎవరున్నారో కనుక్కునేవాడు.

"మీ పటేలు బందూకు ఇంకా వాడుతున్నడా? ఎవ్వరికన్న తాకిందా?"

మొదట్లో జవాబు చెప్పేవాళ్లు. పోను పోను అతన్ని చూసి నవ్వడం మొదలుపెట్టారు. 'బందూకు పిచ్చోడు' అన్న పేరు అక్కడ పడిందే. దసరాకు జమ్మి పూజ నాడు పటేలు అదే తుపాకి గాలిలో పేలుస్తాడని ఎవరో చెప్పారు. ఆ వారమంతా హనోకు అన్నం సరిగ్గా తినలేదని శారమ్మ బడిలో ఇంకొకామెతో అంటుంటే విన్నాను.

అట్లా తొమ్మిదేళ్లు పోయాయి. 1972లో, వానలు లేని ఏడు, ఒక ఆదివారం పొద్దున ఆరాధన అయ్యాక అందరం బయటికి వస్తుంటే చర్చి మెట్ల దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది. నేను గుర్తుపట్టలేదు. నిజానికి ముసలిది కాదు, నలభై కూడా దాటలేదు. ఈరవ్వ.

"సారూ, నా పెద్దకొడుకు బోధన్ల చెరుకు దింపుడు పనికి కుదిరిండు. ఆడనే గుడిసె ఏస్కున్నం. పటేలు జాగ ఇడిసిపెట్టినం. ఇప్పుడు చెప్త. యాడ చెప్పాల్నో చూపెట్టు."

"కేసు ఎన్నడో అయిపోయింది అవ్వా. ఇప్పుడు ఏ కోర్టూ వినదు."

"మరి ఈళ్లు ఇంటరా?" అంటూ మెట్ల మీదున్న జనాన్ని చూపించింది.

నా జవాబు కోసం ఆగలేదు. ఆ మెట్ల కిందనే నిలబడి, పైట నడుముకు చెక్కుకుని, గట్టిగా మొదలుపెట్టింది. చెంపదెబ్బ, రుమాలు, ఎక్కించిన గుర్రాలు, బురద చక్రం, బోధన్ రైలు గేటు. ఎక్కడా ఏడవలేదు. చివర, "మిస్త్రీ చెప్పినట్టు ఇన్నోడు సచ్చిండు. ఇననోడు పటేలుగిరి జేస్తున్నడు. నేను ఆనాడు అబద్ధమాడిన. గీ సారుకు సుత తెలుసు" అని నన్ను చూపించింది.

శారమ్మ చాప చుట్టుకుని నిలబడి ఉంది. ఆమె నా వైపు చూసిన చూపు గురించి రాయను.

కమిటీ మళ్లీ కూర్చుంది. పాత పాస్టరు గారు బదిలీ అయిపోయారు. కొత్తాయన మారుమాట లేకుండా, హనోకును తిరిగి స్టూవర్డుగా తీసుకోవాలన్నారు. రెండు వాక్యాల తీర్మానం. అది కూడా నేనే రాశాను. కాగితం పట్టుకుని వేపచెట్టు కిందికి పోయాను. హనోకు చేతులు తుడుచుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. మడిచి నాకే ఇచ్చాడు.

"బాపురావు పటేలు కాడ బందూకు ఇంకా ఉన్నదా సారూ?"

"ఉన్నదంటున్నరు."

"బాగుచేపిచ్చిండా?"

"తెలువదన్నా."

"నేను పోతే గేటు కాడనే ఆపుతరు. రెండుసార్లు ఆపిండ్రు. నువ్వు హెడ్మాస్టరువు. నువ్వు పోయి కనుక్కో. గది చెప్పినంక ఈ కాగితం సంగతి చూద్దం."

మరుసటి శనివారం బస్సెక్కాను. బోధన్‌లో మారి, కోటగిరిలో దిగి, రెండు మైళ్లు నడిచాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో పాఠం వల్లె వేసినట్టు వల్లె వేసుకున్నాను. బాపురావు ఇంట్లోనే ఉన్నాడు. జుట్టు నెరిసింది, మనిషి కాస్త వంగాడు. నేను పేరు చెప్పి, నిజామాబాదు మిషన్ బడి హెడ్మాస్టరునన్నాను.

"రాండ్రి సారూ" అన్నాడు. వసారాలో కుర్చీ వేయించాడు.

ఆ కుర్చీయే నా నోరు మూసేసింది. మా తాత ఇటువంటి వసారాల ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచినవాడు. మా నాయన మెట్లకు ఇవతలే నిలబడి మాట్లాడినవాడు. నాకు కుర్చీ వేశారు. పింగాణీ కప్పులో చాయ ఇచ్చారు. బాపురావు చెరుకు గురించీ, కాలవలో నీళ్లు రాకపోవడం గురించీ, మనవళ్ల చదువు గురించీ మాట్లాడాడు. నేను అవునవునన్నాను.

తుపాకి అక్కడే ఉంది. వసారా మూలన, తలుపు పక్కన గోడకు ఆనించి ఉంది. దాని పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర, ఒక ఆడమనిషి కూర్చుని చాటతో బియ్యం చెరుగుతోంది. గుర్రం ఎక్కి ఉందో దిగి ఉందో చూడడం హనోకు నాకు ఎప్పుడో నేర్పాడు. చూశాను. ఎడమది దిగి ఉంది. కుడిది ఎక్కి ఉంది.

చాయ తాగాను. "పోయొస్త పటేలా" అన్నాను. "మీ బడిల మా మనుమని సీటు సంగతి యాది పెట్టుకోండ్రి సారూ" అన్నాడాయన. పెట్టుకుంటానన్నాను.

సోమవారం పొద్దున బడికి పోయే దారిలో వేపచెట్టు దగ్గర ఆగాను. హనోకు లేచి నిలబడ్డాడు. తొమ్మిదేళ్లలో నా కోసం లేచి నిలబడడం అదే మొదటిసారి.

"పోయినవా సారూ?"

"పోయిన. అడిగిన. బాగుచేపిచ్చిండట అన్నా. నిశ్చింతగా ఉండు."

ఆయన ముఖం విప్పారింది. ఆ వెలుగు చూసి, ఈ అబద్ధం మంచికే ఆడాను అనుకున్నాను కూడా.

"కొత్త గుర్రం పెట్టిచ్చిండా? పాతదానికే గాడి దిద్దిచ్చిండా?"

నేను బస్టాండు వైపు చూశాను. రెంటిలో ఏదో ఒకటి అంటే సరిపోయేది. హనోకు నా ముఖంలోకి చూశాడు. తరవాత గొంతుక్కూర్చుని, ఎవరిదో సైకిలు ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి, గాలి ఎక్కడ పోతోందో వెతకడం మొదలుపెట్టాడు.